సముద్రపు అండంలో జీవాన్ని చదివిన శాస్త్రవేత్త – ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్

ప్రతి సంవత్సరం మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితాన్ని రాసుకోవడం మనకు ఆనవాయితీ. బాబాసాహెబ్ అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, మహాకవి జాషువా గురించి మా సీనియర్ అన్నలు ఇదివరకే చక్కగా రాశారు. ఈసారి బైపీసీ చదువుతున్న మేము నలుగురం కలిసి ఒక శాస్త్రవేత్త గురించి రాద్దామని అనుకున్నాం.

ఎందుకు ఈయన గురించే అంటారా? మా జంతుశాస్త్రం పాఠంలో ఫలదీకరణం బొమ్మ ఒకటి ఉంది. గుండ్రటి అండం చుట్టూ వందల శుక్రకణాలు ముసురుకుని ఉంటాయి. వాటిలో ఒక్కటే లోపలికి వెళుతుంది. అది వెళ్ళగానే మిగతావన్నీ బయటే ఆగిపోతాయి. ఆపింది ఎవరు, తలుపు వేసింది ఎవరు అని మాలో ఒకడికి సందేహం వచ్చింది. మా లెక్చరర్ గారు నవ్వి, ఆ తలుపు సంగతి గమనించిన మనిషికి జీవితమంతా తలుపులు మూసుకుంటూనే వచ్చాయని చెప్పారు. ఆ మనిషి పేరు ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్. అమెరికాలో నల్లజాతి కుటుంబంలో పుట్టిన జీవశాస్త్రవేత్త. ఆ మాట విన్నాక ఆయన గురించి వెతికి చదవకుండా ఉండలేకపోయాం. మేము తెలుసుకున్నది మీ అందరితో పంచుకుంటున్నాం.

తల్లి వేసిన పునాది

జస్ట్ 1883 ఆగస్టు 14న అమెరికా దక్షిణ ప్రాంతంలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో, చార్లెస్టన్ అనే రేవు పట్టణంలో జన్మించారు. అప్పటికి ఆ దేశంలో బానిసత్వం రద్దయి 18 సంవత్సరాలే అయింది. చట్టం మారింది గాని మనుషులు మారలేదు. నల్లవారికి వేరే బడి, రైలులో వేరే పెట్టె, వేరే పేట. 1896లో ఆ దేశపు సుప్రీంకోర్టు కూడా ఈ వేరు చేయడం చట్టబద్ధమేనని తీర్పు చెప్పింది. ఊరవతల వాడల్లో పుట్టిన మనకు ఇది వేరే దేశపు కథలాగా అనిపించదు.

తండ్రి చార్లెస్ ఫ్రేజర్ జస్ట్ రేవులో ఓడలు ఆగే కట్టడాలు నిర్మించే పని చేసేవారు. ఎర్నెస్ట్‌కు నాలుగేళ్ళు వచ్చేసరికి ఆయన మరణించారు. కుటుంబభారం మొత్తం తల్లి మేరీ మాథ్యూస్ జస్ట్ మీద పడింది. ఆమె బడిలో పాఠాలు చెప్పేవారు. ఆ జీతం చాలక, చార్లెస్టన్ పక్కనే ఉన్న జేమ్స్ ఐలండ్‌లో ఫాస్ఫేట్ గనుల్లో పనికి కూడా వెళ్ళేవారు. ఒకచేత సుద్దముక్క, ఒకచేత తట్ట. అక్కడి నల్లజాతి కుటుంబాలను కూడగట్టి, భూమి కొనుక్కొని సొంతంగా బతికేలా ఒక ఊరునే నిలబెట్టారామె. ఆ ఊరికి ఆమె పేరుమీదనే మేరీవిల్ అని పేరు వచ్చింది.

చిన్నతనంలో ఎర్నెస్ట్‌కు టైఫాయిడ్ జ్వరం వచ్చింది. బతికి బయటపడ్డారు గాని అప్పటిదాకా నేర్చుకున్న చదవడం, రాయడం మరిచిపోయారు. తల్లి దగ్గర కూర్చుని మళ్ళీ అక్షరాల నుంచి మొదలుపెట్టారు. మనలో కూడా ఏడవ తరగతికి వచ్చాక అక్షరాలు దిద్దుకున్నవాళ్ళున్నారు. వాళ్ళు సిగ్గుపడవలసిన పనిలేదని చెప్పడానికి ఈ సంగతి రాస్తున్నాం.

13 ఏళ్ళ వయసులో తల్లి ఆయన్ని ఆరెంజ్‌బర్గ్‌లోని నల్లజాతి విద్యార్థుల కళాశాలకు పంపారు. అది బడిపంతుళ్ళను తయారుచేసే చోటు. 1899లో, 16 ఏళ్ళు నిండకముందే, ఆయన చేతికి పాఠాలు చెప్పే అర్హత వచ్చింది. అక్కడితో ఆగిపోతే ఊళ్ళో ఒక ఉద్యోగం దొరికేది, ఇంటికి నాలుగు డబ్బులు వచ్చేవి. కాని తల్లీ కొడుకూ ఇద్దరూ ఆ చదువు చాలదని భావించారు. దక్షిణాదిలో నల్లపిల్లలకు అంతకుమించి మంచి చదువు దొరకదు కనుక ఉత్తరాదికి పంపాలని నిర్ణయించుకున్నారు.

ఆ విధంగా న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని కింబల్ యూనియన్ అకాడమీ అనే బోర్డింగు స్కూల్లో 1900లో చేరారు. ఇల్లు వదిలి హాస్టల్‌కు వచ్చిన మొదటి రాత్రి ట్రంకుపెట్టె మీద తలపెట్టి ఏడ్చిన మాకు ఆయన పరిస్థితి బాగానే అర్థమవుతుంది. వందల మైళ్ళ దూరం, ఎముకలు కొరికే చలి, చుట్టూ దాదాపు అందరూ తెల్లపిల్లలే. అక్కడ చదువుతుండగానే తల్లి మరణించారు. అయినా నాలుగేళ్ళ చదువును మూడేళ్ళలో ముగించి, 1903లో తరగతిలో అందరికన్నా ముందు నిలిచారు. ఆ బడి పత్రికకు సంపాదకులుగా, వక్తృత్వ సంఘానికి అధ్యక్షులుగా కూడా ఉన్నారు.

తరువాత డార్ట్‌మత్ కాలేజీలో చేరారు. అక్కడే జీవశాస్త్రం ఆయన్ని పట్టుకుంది. ఒక్క కణంగా మొదలైన అండం నిండు జంతువుగా ఎలా మారుతుందన్న ప్రశ్న ఆయన్ని వదలలేదు. 1907లో పట్టా తీసుకున్నప్పుడు ఆ సంవత్సరం విద్యార్థులందరిలో మాగ్నా కమ్ లౌడే అనే ఉన్నత శ్రేణి పొందింది ఆయన ఒక్కరే.

హోవర్డ్‌లో ఉద్యోగం

ఇంత మెరిట్ ఉన్న విద్యార్థికి ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఉద్యోగం దొరకాలి. కాని ఆ రోజుల్లో తెల్లవారి విశ్వవిద్యాలయాలు నల్లజాతి ఆచార్యుణ్ణి తీసుకునేవి కావు. ఆయన ఎంత చదివినా నల్లవారి కాలేజీలో బోధించడం ఒక్కటే దారి. 1907లో వాషింగ్టన్ నగరంలోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. పేరు చూసి పొరపడకండి, ఇది హార్వర్డ్ కాదు, హోవర్డ్. 1867లో స్థాపించిన నల్లజాతివారి ప్రముఖ విద్యాసంస్థ. మొదట ఆయనకు ఇచ్చిన పని ఇంగ్లీషు పాఠాలు చెప్పడం! తరువాత జీవశాస్త్రంలోకి మారి, 1912లో జంతుశాస్త్ర విభాగానికి అధిపతి అయ్యారు. వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం కూడా బోధించారు. 1911లో అక్కడి విద్యార్థులు ముగ్గురు ఒమేగా సై ఫై అనే సోదర సంఘాన్ని స్థాపించినప్పుడు వారికి అండగా నిలిచిన అధ్యాపకుడు కూడా ఆయనే. 1912లోనే అక్కడ జర్మన్ భాష బోధించే ఎథెల్ హైవార్డెన్‌ను వివాహం చేసుకున్నారు. వారికి ముగ్గురు పిల్లలు.

వుడ్స్ హోల్ తీరంలో

అట్లాంటిక్ సముద్రతీరంలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో వుడ్స్ హోల్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1888లో స్థాపించిన సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాల ఉంది. ఎండాకాలం వచ్చిందంటే దేశంలోని పెద్ద పెద్ద జీవశాస్త్రవేత్తలందరూ అక్కడికి చేరేవారు. 1909 వేసవిలో జస్ట్ అక్కడ అడుగుపెట్టారు. షికాగో విశ్వవిద్యాలయపు ఆచార్యులు ఫ్రాంక్ లిల్లీ ఆయన్ని సహాయకునిగా తీసుకున్నారు. ఆ తరువాత సుమారు ఇరవై ఏళ్ళపాటు ప్రతి వేసవిలోనూ ఆయన చిరునామా వుడ్స్ హోలే.

జీవం పుట్టుకను తెలుసుకోవడానికి సముద్రానికే ఎందుకు వెళ్ళాలి? మనిషి అండం గాని, ఆవు అండం గాని తల్లి గర్భంలో దాగి ఉంటుంది. సముద్రపు అర్చిన్, శాండ్ డాలర్, నీరిస్ పురుగు వంటి జంతువులు తమ అండాలను, శుక్రకణాలను నీటిలోకే వదిలేస్తాయి. ఫలదీకరణం శరీరం బయట, ఉప్పునీటిలో జరుగుతుంది. అండాలు వేల సంఖ్యలో దొరుకుతాయి. అర్చిన్ అండం ఒక మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది. గాజుపాత్రలో సముద్రపు నీరు పోసి మైక్రోస్కోపు కింద పెడితే జీవం మొదలవడం కళ్ళెదుటే చూడవచ్చు.

నీరిస్ గురించి మనం అనెలిడా వర్గంలో చదువుకుంటాం. ఇసుకలో, బురదలో దాక్కుని బతికే ఈ పురుగు సంతానోత్పత్తి కాలంలో రూపం మార్చుకుని రాత్రిపూట నీటి పైకి ఈదుకుంటూ వస్తుంది. ఎప్పుడు వస్తుందో తెలియాలంటే రాత్రుళ్ళు మేలుకోవాలి. జస్ట్ లాంతరు పట్టుకుని నీటి ఒడ్డున కూర్చునేవారు. ఎన్నో రాత్రులు లెక్కపెట్టి చూసి, ఈ పురుగుల రాక చంద్రుణ్ణి బట్టి ఉంటుందని లిల్లీతో కలిసి 1913లో ప్రకటించారు. వేసవి నెలల్లో పున్నమి సమయానికి ఈ ఈత మొదలవుతుంది, అమావాస్య దాటిన కొద్దిరోజులకు ఆగిపోతుంది. మన సముద్రతీరపు జాలరి తాతలు తిథినిబట్టి పోటు పాటు చెప్పినట్టుగానే ఆయన చంద్రుణ్ణి చూసి పురుగు రాకను చెప్పగలిగేవారు.

ఆయన మొదటి పరిశోధనా వ్యాసం 1912లో వెలువడింది. శుక్రకణం నీరిస్ అండంలో ఏ చోట ప్రవేశిస్తుందో, అండం మొదటిసారి రెండుగా చీలే గీత ఆ చోటు మీదుగానే పోతుందని అందులో చూపించారు. పుట్టబోయే జీవి శరీరపు అమరికకు మొదటి గీత ఎక్కడ పడుతుందో ముందుగానే నిర్ణయమై ఉండదని, అండం ఉపరితలం మీద జరిగే ఒక సంఘటన దాన్ని నిర్ణయిస్తుందని దీని అర్థం.

క్రమంగా వుడ్స్ హోల్‌లో అండాల సంగతి ఎవరికి సందేహం వచ్చినా జస్ట్ దగ్గరకే వచ్చేవారు. ఆయన చేతివాటం అలాంటిది. గాజుపాత్రలు ఏమాత్రం మురికి లేకుండా కడగాలి. నీరు వేడెక్కకూడదు. ప్రతి జంతువు నుంచి తీసిన అండాల్లో కొన్నింటిని ముందుగా పరీక్షించి, అవి సహజంగా, ఆరోగ్యంగా చీలుతున్నాయో లేదో చూడాలి. చీలకపోతే ఆ అండాలతో ప్రయోగం చేయకూడదు. చావడానికి సిద్ధంగా ఉన్న అండం మీద ప్రయోగం చేసి, అదే జీవధర్మం అని రాసుకోవడం తప్పు అని ఆయన వాదన. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కాని ఆ రోజుల్లో పేరున్న శాస్త్రవేత్తల ఫలితాలు కూడా ఇక్కడే పొరపాటు పడ్డాయి.

తలుపు వేసింది ఎవరు?

మా మొదటి సందేహానికి ఇప్పుడు వద్దాం. శాండ్ డాలర్ అంటే రొట్టెలాగా బల్లపరుపుగా, గుండ్రంగా ఉండే ఇకైనోడర్మ్ జంతువు. దాని అండం మీద చేసిన పరిశోధనను జస్ట్ 1919లో ప్రచురించారు. శుక్రకణం తాకిన కొద్దిసేపటికి అండం చుట్టూ ఒక పొర పైకి లేస్తుందని అప్పటికే అందరికీ తెలుసు. దానినే ఫలదీకరణ పొర అంటారు. రెండవ శుక్రకణాన్ని ఆపేది ఆ పొరే అనుకునేవారు. జస్ట్ ఓపికగా చూశారు. పొర లేవకముందే మిగతా శుక్రకణాలు లోపలికి పోలేకపోతున్నాయి! అంటే శుక్రకణం తాకిన చోటి నుంచి కంటికి కనపడని మార్పు ఏదో ఒక అలలాగా అండం ఉపరితలమంతా వ్యాపిస్తోంది. ఆ అల దాటిన చోట తలుపు మూసుకుంటోంది. పొర లేవడం ఆ తరువాతి సంగతి.

ఆ అల ఏమిటో చూపించే సాధనాలు ఆయన కాలంలో లేవు. 1976లో లారిండా జాఫే అనే శాస్త్రవేత్త సూక్ష్మమైన ఎలక్ట్రోడులతో అర్చిన్ అండాన్ని పరీక్షించి, శుక్రకణం తాకిన క్షణాల్లోనే అండం త్వచానికి ఇరువైపులా ఉండే విద్యుత్ స్థితి మారిపోతుందని, ఆ మార్పే రెండవ శుక్రకణాన్ని ఆపుతుందని నిరూపించారు. ఈనాడు పుస్తకాల్లో దీన్ని వేగవంతమైన అడ్డుకట్ట అని, పొర లేవడాన్ని నెమ్మదైన అడ్డుకట్ట అని చదువుతున్నాం. ఒట్టి కన్నుతో, మామూలు మైక్రోస్కోపుతో జస్ట్ చూసింది 57 ఏళ్ళ తరువాత రుజువైంది.

దీనివల్ల ప్రయోజనం ఏమిటని కొందరు అడగవచ్చు. అండంలోకి రెండు శుక్రకణాలు ప్రవేశిస్తే క్రోమోజోముల లెక్క తప్పుతుంది. మనిషిలో 46 ఉండవలసినవి 69 అవుతాయి. అటువంటి పిండం సాధారణంగా నిలవదు. మనిషి అండంలో ఈ అడ్డుకట్ట పనిచేసే పద్ధతి అర్చిన్‌లో ఉన్నట్టుగానే ఉండదు, కాని అవసరం ఒక్కటే. ఈనాడు మన నగరాల్లోని సంతాన సాఫల్య కేంద్రాల్లో టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో ఫలదీకరణం చేసిన మరునాడు, అండంలో రెండు ప్రాక్ కేంద్రకాలే ఉన్నాయా, మూడు ఉన్నాయా అని మైక్రోస్కోపులో చూస్తారు. మూడు ఉంటే దాన్ని పక్కన పెడతారు. సముద్రపు ఒడ్డున అర్చిన్ అండం మీద మొదలైన ప్రశ్న చివరికి ఆస్పత్రి గదిలో పిల్లల కోసం ఎదురుచూసే తల్లిదండ్రుల దాకా వచ్చింది.

వాదాలు, ప్రతివాదాలు

ఆ కాలంలో జాక్ లోబ్ అనే మహా శాస్త్రవేత్త ఉండేవారు. శుక్రకణం లేకుండానే, సముద్రపు నీటిలో ఉప్పుల పాళ్ళు మార్చి అర్చిన్ అండాన్ని ఎదిగించవచ్చునని 1899లోనే చూపించిన ఘనుడు. జీవి కూడా ఒక యంత్రం వంటిదేనని, దానిని రసాయనాలతో పూర్తిగా వివరించవచ్చునని ఆయన నమ్మేవారు. జస్ట్ ఆ ప్రయోగాలను తిరిగి చేసి, లోబ్ చెప్పిన కారణాలు నిలవవని రాశారు. అండం చచ్చు పదార్థం కాదని, ఎదిగే శక్తి దానిలోనే ఉందని, శుక్రకణం గాని, రసాయనం గాని ఆ శక్తిని మేల్కొలుపుతాయే తప్ప బయటి నుంచి తెచ్చి పోయవని ఆయన అభిప్రాయం.

ఇంకొక వాదం జన్యుశాస్త్రజ్ఞులతో జరిగింది. వారసత్వమంతా కేంద్రకంలోని జన్యువుల్లోనే ఉందని వారంటే, జస్ట్ ఒక ప్రశ్న వేశారు. మన శరీరంలోని అన్ని కణాలకూ ఒకే అండం నుంచి ఒకే జన్యువులు వచ్చాయి కదా, మరి ఒక కణం కంటిలో భాగమై, ఇంకొకటి కండరంలో భాగమై ఎందుకు ఎదుగుతుంది? కేంద్రకం ఒక్కటే కాదు, కణద్రవ్యం, ముఖ్యంగా కణపు ఉపరితలం కూడా ఇందులో పాలుపంచుకుంటాయని ఆయన జవాబు. బయటి ప్రపంచాన్ని ముందుగా తాకేది ఉపరితలమే గనుక జీవపరిణామంలో కూడా దాని పాత్ర పెద్దదని ఆయన వాదించారు.

ఇక్కడ మేము ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మహనీయుల గురించి రాసేటప్పుడు వారు చెప్పినదంతా ఒప్పే అని రాయడం మనకు అలవాటు. జస్ట్ అన్నీ సరిగ్గా చెప్పలేదు. జన్యువుల పాత్రను ఆయన తక్కువ అంచనా వేశారు. కేంద్రకం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతం నిలవలేదు. కాని ఆయన వేసిన ప్రశ్న మాత్రం నిలిచింది. ఏ కణంలో ఏ జన్యువు మేలుకోవాలో, ఏది నిద్రపోవాలో నిర్ణయించే సంకేతాలు చాలావరకు కణత్వచం మీదుగానే లోపలికి వస్తాయని నేటి జీవశాస్త్రం చెబుతోంది. పిండాభివృద్ధినీ జీవపరిణామాన్నీ కలిపి చదివే శాస్త్రంలో ఈనాడు ఆయన పేరు మళ్ళీ వినిపిస్తోంది.

పతకాలు వచ్చాయి, చోటు రాలేదు

1915లో, 31 ఏళ్ళ వయసులో, నల్లజాతి ప్రజల హక్కుల కోసం పోరాడే ఎన్.ఏ.ఏ.సి.పి. సంస్థ నెలకొల్పిన స్పింగార్న్ పతకాన్ని అందుకున్న మొట్టమొదటి వ్యక్తి ఆయనే. 1916లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. ఒక విశేషం గమనించండి. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, 1913 నుంచి 1916 వరకు, మన బాబాసాహెబ్ అదే దేశంలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నారు. ఒకరు కులం గోడను, ఒకరు రంగు గోడను దాటడానికి ఒకే కాలంలో ఒకే దేశంలో పుస్తకాలతో కుస్తీ పట్టారు.

1930లో అమెరికా జంతుశాస్త్రజ్ఞుల సంఘానికి ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. అయినా పరిశోధనకు వీలైన పెద్ద విశ్వవిద్యాలయం ఏదీ ఆయనకు ఉద్యోగం ఇవ్వలేదు. వుడ్స్ హోల్‌లో సలహాకోసం బల్ల దగ్గరకు వచ్చినవారిలో అందరూ భోజనాల దగ్గర, విందుల దగ్గర ఆయన్ని తమలో ఒకనిగా చూడలేదు. ప్రతి పరిశోధనకూ దాతల చుట్టూ తిరగవలసి వచ్చేది. జూలియస్ రోజెన్‌వాల్డ్ అనే వ్యాపారవేత్త వంటి కొందరు ఆదుకున్నారు. కాని దాతలకు ఒక లెక్క ఉంటుంది. నల్లజాతి పిల్లలకు పాఠాలు చెప్పేవాడిగా ఆయన్ని ఆదుకోవడానికి ముందుకు వచ్చినంతగా, ప్రపంచస్థాయి శాస్త్రవేత్తగా ఆదుకోవడానికి ముందుకు రాలేదు.

1929లో ఇటలీలోని నేపుల్స్ సముద్ర జీవశాస్త్ర కేంద్రానికి వెళ్ళారు. 1930లో జర్మనీలోని బెర్లిన్‌లో కైజర్ విల్‌హెల్మ్ జీవశాస్త్ర సంస్థ ఆయన్ని అతిథిగా ఆహ్వానించింది. ఆనాడు అది ప్రపంచంలోనే మేటి సంస్థ. యూరప్‌లో ఆయన్ని శాస్త్రవేత్తగా చూశారు, రంగును ముందు పెట్టుకోలేదు. స్వదేశంలో దొరకనిది పరాయి దేశంలో దొరికింది. 1930 వేసవిలో లిల్లీ అరవయ్యవ పుట్టినరోజు వేడుకకు వుడ్స్ హోల్ వచ్చినప్పుడు ఈ తేడాను ఆయన అందరిముందే చెప్పారు. ఆ తరువాత మళ్ళీ అక్కడికి పనిచేయడానికి వెళ్ళలేదు.

కాని అదృష్టం ఎక్కువకాలం నిలవలేదు. 1933లో జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. జాతి పేరుతో మనుషులను వేరుచేసే జబ్బు అక్కడా మొదలైంది. జస్ట్ తన పనిని ఫ్రాన్స్‌కు మార్చుకున్నారు. 1938లో అమెరికా విడిచి ఫ్రాన్స్‌లోనే ఉండిపోవాలని నిశ్చయించుకున్నారు. 1939లో ఆయన జీవితకాలపు ఆలోచనలతో కణ ఉపరితల జీవశాస్త్రం గురించిన పెద్ద గ్రంథం, సముద్ర జంతువుల అండాలపై ప్రయోగాలు చేసే పద్ధతుల గురించి ఇంకొక పుస్తకం వెలువడ్డాయి. ఆ సంవత్సరమే మొదటి భార్యతో విడాకులై, జర్మనీకి చెందిన హెడ్విగ్ ష్నెట్స్‌లర్‌ను వివాహం చేసుకున్నారు. ఆయన దేశాలు తిరిగిన ఆ సంవత్సరాల భారాన్ని వాషింగ్టన్‌లో ఎథెల్, ముగ్గురు పిల్లలు కూడా మోశారని మనం మరిచిపోకూడదు.

1940లో జర్మన్ సైన్యం ఫ్రాన్స్‌ను ఆక్రమించింది. అప్పుడాయన రొస్కాఫ్ అనే సముద్రతీర కేంద్రంలో పనిచేస్తున్నారు. కొద్దికాలం నిర్బంధ శిబిరంలో ఉండవలసి వచ్చింది. విడుదలై 1940 సెప్టెంబరులో అమెరికా చేరి మళ్ళీ హోవర్డ్‌కే వచ్చారు. అప్పటికే క్లోమగ్రంథి క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది. 1941 అక్టోబరు 27న వాషింగ్టన్‌లో 58 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

చాలాకాలం లోకం ఆయన్ని మరిచిపోయింది. 1983లో కెన్నెత్ మానింగ్ రాసిన జీవితచరిత్రతో మళ్ళీ వెలుగులోకి వచ్చారు. 1996లో అమెరికా తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

మనం ఏం నేర్చుకోవాలి?

ఈ వ్యాసం చివర, కష్టపడి చదివితే అన్నీ వస్తాయి అని రాద్దామని మొదట అనుకున్నాం. రాయబోయి ఆగిపోయాం. అది జస్ట్ జీవితానికి సరిపోదు. ఆయనకన్నా కష్టపడినవారెవరు? అయినా రావలసినవన్నీ రాలేదు. మెరిట్ ఉంటే ఎవరూ ఆపలేరని మనకు తరచు చెబుతుంటారు. జస్ట్‌ను ఆపారు. మెరిట్ ఉన్నవాడికి నిలబడడానికి ఒక చోటు, కూర్చోవడానికి ఒక బల్ల, నెలనెలా ఒక జీతం కావాలి. అవి ఇవ్వనప్పుడు నష్టపోయింది ఆయన ఒక్కరే కాదు, శాస్త్రం కూడా.

మాకు ఇంకొకటి కూడా అర్థమైంది. ఆయన ఉన్న ఆ కొద్ది చోటును కూడా తల్లి గనిలో తట్ట మోసి సంపాదించింది. మనకు ఈ హాస్టల్ గది, ఈ మెస్, ఈ స్కాలర్‌షిప్ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ఎందరో పోరాడి సాధించినవి. వాటిని నిలబెట్టుకోవడం, తరువాత వచ్చే తమ్ముళ్ళకు ఇంకా మెరుగుగా అందించడం మన బాధ్యత.

మా ప్రయోగశాలలో మైక్రోస్కోపులు తక్కువ. ఒక్కొక్కరికి చూడడానికి దొరికేది నిమిషమో, రెండు నిమిషాలో. ఇదివరకు మా వంతు రాగానే కన్ను ఆనించి, బొమ్మ రికార్డులో పక్కవాడిది చూసి దించేసేవాళ్ళం. జస్ట్ గురించి చదివాక మేము నలుగురం ఒక మాట అనుకున్నాం. ఆ నిమిషమైనా నిజంగా చూడాలి. చూసిందే గీయాలి. స్లైడు మురికిగా ఉంటే తుడిచి, మళ్ళీ చూడాలి. వచ్చే ఏడాది బైపీసీలో చేరబోయే తమ్ముళ్ళారా, మీ వంతు వచ్చినప్పుడు మీరూ అలాగే చూడండి. ముసురుకున్న వందల్లో ఒక్కటి లోపలికి వెళ్ళిన తరువాత ఏం జరుగుతుందో గమనించండి. మాకు కనపడనిది మీకు కనపడవచ్చు.